చీటీలో వచ్చిన వేషం

ప్రత్యూష బడి నుంచి వచ్చి, సంచి గుమ్మంలో పడేసి, "ఇవాళ నేను కాపలావాణ్ణి నాన్నా" అంది.

మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్న అంకమ్మరావు చేతిలో అటూ ఇటూ ఆడుతున్న నాడె ఆగిపోయింది.

"కాపలావాడేంటి? మొన్న రాణివన్నావుగా?"

"మొన్న రాణి. ఇవాళ కాపలావాడు. రేపు ఏదొస్తదో."

"ఎవరు తీసేశారే నిన్ను?"

"తీసెయ్యటమేంటి? చీటీ తీస్తే కాపలావాడొచ్చింది." ఆ పిల్ల గోడకి ఆనించిన చీపురు అందుకుని భుజాన పెట్టుకుని, వాకిట్లో తిరుగుతున్న కోడిపెట్టకి అడ్డంగా నిలబడి, "స్టాప్! హూ ఆర్ యూ?" అని గద్దించింది. రాట్నం ముందు కూచుని కండెలు చుడుతున్న రావమ్మ కిసుక్కున నవ్వింది. కోడిపెట్ట కూడా కాస్త జంకినట్టే ఉంది. అంకమ్మరావు మాత్రం నవ్వలేదు.

"ఇవాళ రాణి ఎవరు?"

"ఎరువుల కొట్టు వాళ్ళమ్మాయి."

"అదీ! అట్టా చెప్పు" అన్నాడు అంకమ్మరావు. రావమ్మ వైపు చూసి, "విన్నావా?" అన్నాడు.

చల్లపల్లి చుట్టుపక్కల పద్యనాటకాలు చూసినవాళ్ళకి అంకమ్మరావు తెలియకుండా ఉండడు. మంత్రి వేషమంటే అతనిదే. అంకమ్మరావు వేస్తుంటే ఇంకొకడు ఆ వేషం అడగడు, నాటక సమాజంవాళ్ళు ఇవ్వరు. ఒకసారి ఒక మనిషికి వేషం ఇచ్చారంటే అది చివరిదాకా అతనిది. మధ్యలో తీసి ఇంకొకడికిచ్చారా, ఆ మనిషికి ఊళ్ళో తల కొట్టేసినట్టే. అట్లాంటిది రోజుకో పిల్లకి రాణి వేషమట! అందులోనూ ఇవాళ ఎరువుల కొట్టాయన కూతురట! ఎక్కడో ఏదో నడుస్తోందని అతనికి గట్టిగా అనిపించింది.

అసలు ఈ ఇంగ్లీషు సెక్షను మీదే అతనికి మొదట్నుంచీ అనుమానం. ఐదో తరగతి దాకా తెలుగులో చదివిన పిల్లల్ని ఆ జూన్‌లో ఒక్కసారిగా ఇంగ్లీషు మీడియంలోకి తోశారు. వినాయకచవితి వచ్చేసరికి సగంమంది క్లాసులో నోరెత్తటం మానేశారు. నెగ్గుకురాలేని పిల్లల్ని మళ్ళీ తెలుగు సెక్షనులో వేస్తాం, శనివారంలోగా పెద్దవాళ్ళొచ్చి చెప్పండని హెడ్మాస్టరు కబురు పంపాడు. ప్రత్యూష మాత్రం ఇంగ్లీషులోనే ఉంటానని కూచుంది. ఉంటే మంచిదే. కానీ ఏమీ రాకుండానే నాటకాలాడుకుంటూ నాలుగేళ్ళు గడిపేసి పదో తరగతి తప్పిందంటే? ఇక ఆ పిల్లకి మిగిలేది తల్లి పక్కన ఇంకో పీట, ఇంకో రాట్నం. ఆ భయం అతన్ని రాత్రిళ్ళు నిద్రపోనివ్వటం లేదు.

"ఆ టీచరమ్మకి నాటకాల పిచ్చంట" అంది రావమ్మ. "ఎక్కడో బెజవాడ పటమట నుంచి వచ్చి ఇక్కడ గది తీసుకుని ఉంటంది. అయినా పిల్ల సరదాగా వెళ్తంది కదా, నీకేంటి బాధ?"

"సరదాగా వెళ్తందనే నా బాధ" అన్నాడు అంకమ్మరావు.

మర్నాడు మధ్యాహ్నం అన్నాల వేళకి ఉతికిన చొక్కా వేసుకుని బడికి వెళ్ళాడు. వరండా చివర ఫరహత్ టీచరు బెంచీ మీద కూచుని కాగితం ముక్కలు మడత పెట్టి స్టీలు క్యారేజీ మూతలో వేస్తోంది. బక్కపలచటి మనిషి, పాతికేళ్ళు దాటి ఉండవు. చున్నీకి ఒకపక్కంతా సుద్ద.

"నమస్కారమండి. ప్రత్యూష నాన్ననండి."

"అయ్యో, రండి. కూర్చోండి."

"కూచోటానికి రాలేదండి. మా అమ్మాయి రాణి వేషం ఎందుకు తీసేశారో కనుక్కుందామని."

ఆవిడ నవ్వింది. నవ్వకుండా ఉండాల్సింది. అంకమ్మరావు ముఖం చూసి వెంటనే సర్దుకుంది.

"తీసెయ్యలేదండీ. మా నాటకంలో ఏ వేషమూ ఎవరికీ సొంతం కాదు. రాణి సంతకొచ్చి చీర బేరమాడుతుంది, నేతగాడుంటాడు, కాపలావాడుంటాడు. రోజూ చీటీలు తీస్తారు. ఏ చీటీ వస్తే ఆ వేషం మాటలు కాగితం చూసి చదువుతూ ఆడాలి. కొత్త ఘట్టాలు నేను రాస్తూనే ఉంటాను."

"రోజుకోటి మారిస్తే ఆట ఎప్పటికి కుదురుద్దండీ?"

"ఆట కుదరటం కోసం కాదండి. ఒకే వేషం రోజూ ఇస్తే ఆ నాలుగు మాటలు చెవిన పడి నోటికొచ్చేస్తాయి. ఇక కాగితం వైపే చూడరు. అప్పుడు అది చదువు కాదు కదా."

అంకమ్మరావుకి చెవులు వేడెక్కాయి. అతనికి అక్షరమ్ముక్క రాదు. మంత్రి పద్యాలే కాదు, రాజువీ, విదూషకుడివీ, చెలికత్తెలవీ కూడా ఎక్కడ అడిగితే అక్కడ అందుకోగలడు. అన్నీ హార్మోనిస్టు పాడి వినిపిస్తే పట్టుకున్నవే. ఒకసారి చెవిన పడ్డ మాట మళ్ళీ పోదు. ఈ సంగతి ఎవరో ఈవిడకి చెప్పారు, ఈవిడ తనని ఎత్తిపొడుస్తోంది అనుకున్నాడు.

"అయితే ఒక్క మాట చెప్పండి. మా అమ్మాయికి ఇంగ్లీషు చదవటం వచ్చా, నోటికొచ్చా?"

ఆవిడ ఆలోచిస్తూ చేతిలో చీటీ మడత విప్పి మళ్ళీ పెట్టింది.

"జూన్‌లో నోటికేనండి. అందరితో పాటూ వల్లించేది. ఇప్పుడు చదువుతోంది. మెల్లిగా, తప్పులతో. కానీ చదువుతోంది."

అంత ఆలోచించి చెప్పాల్సిన జవాబు నిజమెట్లా అవుద్ది అనుకున్నాడు అంకమ్మరావు.

"శనివారం బడి చూట్టానికి ఆఫీసర్లు వస్తన్నారంటగా?"

"అవునండి. పిల్లల చేత ఆడించమన్నారు."

"అట్టాగా" అని చెప్పులేసుకుని వచ్చేశాడు. ఆఫీసర్ల ముందు పిల్లలు చిలకల్లాగా ఇంగ్లీషు మాట్లాడితే టీచరమ్మకి పేరు. పేరొచ్చాక ఆవిడ బదిలీ చేయించుకుని పటమట వెళ్ళిపోద్ది. పిల్లలు ఇక్కడే ఉంటారు. దారి పొడుగునా ఇదే లెక్క వేసుకుంటూ ఇంటికొచ్చి పడ్డాడు.

అక్షరం రాని తండ్రి, కూతురికి అక్షరం వచ్చో రాదో ఎట్లా తేల్చుకోవాలి? దారాలు అతుకుతూ సాయంత్రం దాకా అదే ఆలోచించాడు. నాటకం కాగితం చూపిస్తే లాభం లేదు. చెవితో నేర్చుకునే మనిషికి తన వేషమే కాదు, అందరి వేషాలూ వచ్చేస్తాయి, తనకి తెలీదూ! ఎన్నడూ విననిది కావాలి. దీపాలు పెట్టేవేళకి గూట్లో ఉన్న రంగు డబ్బా కనపడింది. ఖాళీ డబ్బా, రావమ్మ అందులో సూదులు వేసుకుంటుంది. వెనకవైపు సన్నటి ఇంగ్లీషు అక్షరాలు కిటకిటలాడుతున్నాయి.

"ఇక్కణ్ణించి ఇక్కడిదాకా చదువు" అని వేలితో గీసి చూపించాడు.

ప్రత్యూష డబ్బా దీపం దగ్గరికి తీసుకెళ్ళింది. కీప్ అంది. ఆగింది. దిస్ టిన్ అంది. ఇన్ ఎ డ్రై ప్లేస్ అని ఒక్కసారిగా అనేసి సంతోషపడింది. మళ్ళీ ఆగింది. పెదవులు కదుపుతూ వెనక్కి వెళ్ళింది, ముందుకొచ్చింది. వాష్ యువర్ హ్యాండ్స్ అంది. తర్వాత ఒక పొడుగాటి మాట దగ్గర నిలబడిపోయింది.

"ఇది రాదు నాన్నా" అంది చివరికి.

"మిగతాదంతా వచ్చి అదొక్కటే రాలేదా?"

"ఇంకా రెండున్నాయి రానివి."

అంకమ్మరావు డబ్బా తీసుకున్నాడు. పిల్ల పలికిందంతా, ఆగిన చోట్లతో సహా, చెవిలో భద్రంగా ఉంది. ఇన్నిచోట్ల ఆగటం చదవటమెట్లా అవుతుంది? స్టేజీ మీద పద్యం వచ్చినవాడు ఆగడు. రానివాడే ఆగుతాడు. అతనికి తెలిసిన న్యాయం అది.

ఆ వీధిలో ఇంగ్లీషు కాగితం ఏదొచ్చినా రామకోటేశ్వరరావుగారి అరుగు మీదికే వెళ్తుంది. ఆయన మాస్టర్ వీవరు, నూలిచ్చి కూలికి నేయించుకుంటాడు. వీధిలో సగం మగ్గాలు ఆయన ఇచ్చిన పడుగు మీద నడుస్తున్నవే. రోజూ పొద్దున్నే పడక్కుర్చీలో కూచుని ఇంగ్లీషు పేపరు తిరగేస్తాడు. పక్కన సెల్‌ఫోను, కాఫీ గ్లాసు, ముక్కు మీద బంగారు రంగు ఫ్రేము కళ్ళజోడు. కరెంటాఫీసు కాగితమైనా, ఆసుపత్రి కాగితమైనా ఆయన చూసి చెబితే ఇక తిరుగులేదు.

బుధవారం పొద్దున్నే అంకమ్మరావు డబ్బా పట్టుకెళ్ళి, అదే చోట వేలు పెట్టి, "ఇది కాస్త పైకి చదివి పెట్టండి బాబుగారూ" అన్నాడు.

రామకోటేశ్వరరావుగారు కళ్ళజోడు సవరించుకున్నాడు. ఎక్కడా ఆగలేదు. "బెస్ట్ క్వాలిటీ కలర్, ఫుల్ గ్యారంటీ, బొంబాయి కంపెనీ" అని నీళ్ళు పోసినట్టు చదివేశాడు. తర్వాత ఇంకేవో నాలుగు మాటలు గబగబా అన్నాడు. అంకమ్మరావు అన్నీ విన్నాడు. పిల్ల చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా ఇందులో లేదు.

"ఏం, దేనికి?" అన్నాడు రామకోటేశ్వరరావుగారు.

చెప్పాడు అంకమ్మరావు. చెప్పకుండా ఉంటే బాగుండేది. అరుగు మీద ఉన్న నలుగురూ విన్నారు.

"నాటకాలతో ఇంగ్లీషొస్తే బళ్ళెందుకయ్యా, టెంట్లేసుకుంటే సరిపోద్దిగా" అన్నాడు రామకోటేశ్వరరావుగారు. అందరూ నవ్వారు. "పైవాళ్ళకి చూపించుకోటానికి ఆడే ఆటలివి. ఆడపిల్ల అబద్ధాలు నేర్చుకోకముందే తెలుగులోకి మార్చు."

అంకమ్మరావు ఆ నవ్వు మోసుకుని ఇంటికొచ్చాడు. ప్రత్యూష జడ వేసుకుంటోంది. పిల్ల ముఖం కూడా చూడకుండా డబ్బా గూట్లో విసురుగా పెట్టాడు.

"రానిదాన్ని వచ్చినట్టు నటించటం ఎవరు నేర్పారే నీకు? ఆ టీచరేనా?"

"నేను చదివాను నాన్నా."

"ఏం చదివావు? అక్కడున్నది వేరు, నువ్వు చెప్పింది వేరు. రామకోటేశ్వరరావుగారు చదివి వినిపించారు. అరుగు మీద నా పరువు పోయింది."

"అక్కడ అదే ఉంది!"

"మళ్ళీ అబద్ధం!" అతని చెయ్యి లేచింది. రావమ్మ రాట్నం వదిలేసి మధ్యలోకి వచ్చింది.

"ఆయన చెప్పేది వేదమా? నీ కూతురు చెప్పేది అబద్ధమా? నీకేం తెలుసని పిల్ల మీదికి చెయ్యెత్తుతావు?"

"నాకు తెలీదు కాబట్టే తెలిసినాయన్ని అడిగాను" అని అరిచాడు అంకమ్మరావు. "రేపు నేనొచ్చి సెక్షన్ మార్పిస్తాను. ఆ ముక్క మీ టీచరుకి ముందే చెప్పు."

ప్రత్యూష సగం వేసిన జడతోనే సంచి తగిలించుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం వచ్చాక తండ్రితో మాట్లాడలేదు. అన్నం కావాలన్నా తల్లినే అడిగింది.

గురువారం మధ్యాహ్నం అంకమ్మరావు బడికి వెళ్ళేసరికి ఫరహత్ టీచరు క్లాసులో ఉంది. వరండాలో నిలబడ్డాడు. సగంమంది పిల్లలు ఒక గదిలో, సగంమంది దూరంగా సైన్సు గదిలో ఉన్నారు. రెండు గుంపులకీ ఒకే కొత్త కాగితం ఇచ్చింది ఆవిడ. పొద్దున్నే రాసినదట, సిరా ఇంకా చేతికి అంటుకుంటోందని ఒక కుర్రాడు గోల చేస్తున్నాడు. కాసేపయ్యాక మొదటి గుంపు వచ్చి ఆడింది. రాణి వచ్చింది, నేతగాడు చీర విప్పి చూపించాడు, కాపలావాడు నిద్రపోయాడు. అందరి కళ్ళూ కాగితాల మీదే. ఒకళ్ళ మాట మీద ఒకళ్ళు పడుతున్నారు, ఆగుతున్నారు, వేలు పెట్టి వెతుక్కుంటున్నారు. పద్యనాటకంలో అయితే ఈపాటికి జనం లేచిపోయేవాళ్ళే.

తర్వాత రెండో గుంపుని పిలిచారు. ప్రత్యూష నేతగాడు. ఎండలో గ్రౌండు దాటి వచ్చింది, మొదటి గుంపు ఆడింది వినే వీలే లేదు. భుజం మీద చున్నీ ఒకటి చీరలాగా వేసుకుని, కాగితం ముఖానికి దగ్గరగా పెట్టుకుని మొదలుపెట్టింది. అంకమ్మరావు చెవి దానంతట అదే లెక్క పెట్టుకోసాగింది. ఇందాకటి నేతగాడు అన్న మాటే ఇది. తర్వాతదీ అదే. ఆ కుర్రాడు ఆగనిచోట ప్రత్యూష ఆగింది, వాడు తడబడ్డచోట ఈ పిల్ల గబగబా దాటేసింది. కానీ మాటలు అవే. ఒకళ్ళ నోట ఒకళ్ళు వినని పిల్లలు అవే మాటలు అంటున్నారు.

'ముందే బట్టీ పట్టించి ఉంటుంది' అనుకున్నాడు మొదట. అట్లా పట్టించి ఉంటే ఇన్నిచోట్ల ఆగరే! బట్టీ పట్టినవాడు పరిగెత్తుతాడు, తను పరిగెత్తినట్టు. ఆ ఆలోచన అతనికి నచ్చలేదు. తుడిచేసుకోబోయాడు. పోలేదు.

టీచరు అతన్ని చూసి గుమ్మం దగ్గరికొచ్చింది. "ఏదో చెప్పాలని వచ్చినట్టున్నారు?"

"ఏం లేదండి. ఇటు పోతా ఆగాను" అని తిరిగొచ్చేశాడు.

ఇంటికొచ్చిన ప్రత్యూషకి డబ్బా ఇచ్చి, "ఇంకొక్కసారి చదవ్వా?" అన్నాడు. ప్రత్యూష డబ్బా వైపు చూడలేదు.

"చదవను. నువ్వు నమ్మవుగా."

నేత పూర్తయిన ఆఖరి చీరని మగ్గం మీంచి కోసేశాడు. కొత్త పడుగు తెచ్చుకోవాలి, ఎట్లాగూ రామకోటేశ్వరరావుగారి దగ్గరికి వెళ్ళాల్సిందే. డబ్బా తువ్వాల్లో చుట్టుకుని వెళ్ళాడు. ఆయన మీద అనుమానంతో కాదు, ఆ ఆలోచనే అతనికి లేదు. పిల్ల ఎక్కడెక్కడ తప్పు చెప్పిందో ఇంకోసారి సావధానంగా వింటే తెలుస్తుంది కదా అని.

అరుగు మీద సంపూర్ణమ్మ మెట్టుకి ఆనుకుని కూచుని ఉంది. ఒంటరి ముసలమ్మ, ఒక కంటికి చూపు ఎప్పుడో పోయింది, రెండోదానికి పొర కమ్మింది. ఆయన వెనక గదిలో పడుగులు చుట్టచుట్టలుగా కనపడుతున్నాయి.

"నీ పడుగు కట్టించి ఉంచాను, తీసుకెళ్ళు" అన్నాడు రామకోటేశ్వరరావుగారు.

"అట్టాగేనండి. ఇది మళ్ళీ ఒక్కసారి చదివి పెడతారా? నిన్న సరిగ్గా వినలేదు."

ఆయన విసుగ్గానే డబ్బా అందుకున్నాడు. అంకమ్మరావు వేలు పెట్టినచోటే చూశాడు. "సూపర్ ఫైన్ కలర్, నంబర్ వన్ గ్యారంటీ, మద్రాసు కంపెనీ" అన్నాడు.

అంకమ్మరావుకి ముందు తన చెవి మీదే అనుమానమొచ్చింది. నిన్నటిది మొత్తం మనసులో మళ్ళీ అనుకున్నాడు. బెస్ట్ క్వాలిటీ. ఫుల్ గ్యారంటీ. బొంబాయి. డబ్బా అదే, చోటు అదే, చదివిన మనిషి అదే. బొంబాయి మద్రాసెట్లా అయింది? ఎప్పుడో ఏళ్ళ కిందట విన్న పద్యంలో ఒక్క మాట మారినా పట్టుకునే చెవి అది. నిన్న విన్నది మర్చిపోతుందా! ఆయన చదవలేదు. నిన్నా చదవలేదు. ఆ నీళ్ళు పోసినట్టు చదవటమంతా వేషం. ఇన్నేళ్ళుగా వీధి వీధంతా ఆ వేషానికి దండాలు పెడుతోంది.

ఆ వేషాన్ని నమ్మి తను కూతురి మీద చెయ్యెత్తాడు.

"నాది కూడా కాస్త చూడండి బాబూ" అంది సంపూర్ణమ్మ. కొంగుముడి విప్పి ఒక కార్డు తీసింది. "కళ్ళ క్యాంపులో ఇచ్చారు. ఆపరేషనుకి బెజవాడ ఎప్పుడు రావాలో అందులో రాశామన్నారు. ఆ రద్దీలో ఏం చెప్పారో నాకు వినపళ్ళేదు."

రామకోటేశ్వరరావుగారు కార్డు దూరంగా పట్టుకుని చూశాడు. "ఎనిమిది. ఎనిమిదో తారీకున రమ్మన్నాడు. ఇంకా వారం ఉందిలే" అని ఇచ్చేశాడు.

"చల్లగా ఉండండి బాబూ" అని ముసలమ్మ కార్డు మళ్ళీ కొంగున ముడేసుకోబోయింది.

పడుగు చుట్ట అంకమ్మరావుకి రెండడుగుల దూరంలో ఉంది. దాన్ని భుజాన వేసుకుని దణ్ణం పెట్టి వెళ్ళిపోతే సరిపోయేది. ముసలమ్మ కార్డుతో అతనికేం పని? ఏమో, ఎనిమిదే నిజమేమో కూడా. అంకెలు ఆయనకి బాగానే వచ్చు. ఇట్లా తనకి తను సర్దిచెప్పుకుంటూనే చెయ్యి చాపాడు.

"అది ఇటివ్వు సంపూర్ణమ్మత్తా. మా అమ్మాయి చదివిద్ది."

రామకోటేశ్వరరావుగారు కళ్ళజోడు మీదుగా చూశాడు.

"నేను చదివాను కదయ్యా?"

"చదివారండి. ఇంకోసారి చదివితే తప్పేముందండి" అని వీధిలోకి తిరిగి కేకేశాడు. "ప్రత్యూషా! ఓ ప్రత్యూషా!"

ఎదురుగా ఉన్న తమ ఇంటి గుమ్మంలోంచి ప్రత్యూష వచ్చింది. వెనకే రావమ్మ. కార్డు చూపించగానే ఆ పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నేను చదవను."

"చదువమ్మా."

"నువ్వే కదా నాకు రాదన్నావు. అబద్ధమన్నావు. అందరూ నవ్వారన్నావు."

నలుగురూ చూస్తున్నారు. రాజు ఎదట నిలబడి ఎన్నిసార్లు ఎంత గొంతెత్తి మాట్లాడలేదు అతను! ఇప్పుడు గొంతు తగ్గించి పిల్ల వైపు వంగాడు.

"తప్పు నాదేనమ్మా" అన్నాడు. "నువ్వు చదివావు. నాకే చేతగాలా. నా కోసం వద్దు, మామ్మ కోసం చదువు."

ప్రత్యూష తండ్రి వైపు చూడలేదు. సంపూర్ణమ్మ పక్కన మెట్టు మీద కూచుని కార్డు తీసుకుంది. వేలు పెట్టింది. పెదవులు కదిపింది.

"కమ్... ఆన్... ఫ్రైడే. ఫ్రైడే అంటే శుక్రవారం మామ్మా. రేపే. ఎనిమిది ఏ.ఎం. అంటే పొద్దున్న ఎనిమిదింటికి. ఎనిమిదో తారీకు కాదు."

"రేపేనా!" ముసలమ్మ గుండె మీద చెయ్యేసుకుంది.

"బ్రింగ్ వన్... ఒకళ్ళని తోడు తెచ్చుకోమన్నారు. ఇక్కడ ఇంకో మాటుంది." ఆగింది. చాలాసేపు చూసింది. "ఇది నాకు రాదు."

"చూశావా?" అన్నాడు రామకోటేశ్వరరావుగారు. "రానిదాని చేత చదివిస్తే ఇట్టాగే ఉంటది. పిల్ల మాట పట్టుకుని రేపు పొద్దున్నే బస్సెక్కుతావా ఏంటి సంపూర్ణమ్మా?"

ప్రత్యూష తలెత్తింది. ఆ పిల్లకి ఆయన్ని ఏదో అనాలని లేదు, క్లాసులో పద్ధతి చెప్తోంది అంతే.

"రాకపోతే రాదని చెప్పాలండి. మా టీచరు అట్టాగే చెప్పమంటారు. రానిచోట సొంతంగా కల్పించి చెప్తే చీటీ లాక్కుంటారు. ఆ రోజంతా ఇక వేషం ఉండదు."

రామకోటేశ్వరరావుగారు ఒళ్ళో ఉన్న ఇంగ్లీషు పేపరు మడిచాడు, అది ముందే మడిచి ఉంది, దాన్నే ఇంకో మడత పెట్టాడు. అంకమ్మరావు వైపు తిరిగాడు.

"నీ పడుగు సంగతి తర్వాత చూద్దాం. నూలు ఇంకా రాలేదు."

పడుగు చుట్టలు ఆయన వెనకే ఉన్నాయి. రావమ్మ ఏదో అనబోయింది. అంకమ్మరావు ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అట్టాగేనండి" అన్నాడు. తువ్వాల్లో డబ్బా చుట్టుకుని మెట్లు దిగాడు.

వీధిలోకొచ్చాక రావమ్మ ఉండబట్టలేకపోయింది. "పండగల ముందు మగ్గం ఖాళీ! ఆయన ఇక కబురు చేసినట్టే!"

"ఖాళీ అయితే మంచిదేగా, రేపు సంపూర్ణమ్మత్తకి తోడు నేనే పోతాను" అన్నాడు అంకమ్మరావు కోపంగా. కోపం రావమ్మ మీద కాదు. "తొలి బస్సుకి ఎక్కితే కంకిపాడు మీదుగా ఎనిమిదికల్లా దించేస్తాడు. నేత సొసైటీలోనూ పడుగులిస్తారు. కూలి తక్కువైతే తక్కువ."

ప్రత్యూష కార్డు పట్టుకుని ముందు నడుస్తోంది. రాని మాట టీచర్ని అడగటానికి వెళ్తోంది. టీచరు గది రెండు వీధుల అవతల. అంకమ్మరావు వెనకే వెళ్ళాడు. పిల్ల పక్కకి చేరుకుందామని చూస్తే ఆ పిల్ల నడక పెంచింది. మలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"టీచరు ఏ సెక్షనని అడిగితే ఏం చెప్పమంటావు?"

"ఇంగ్లీషేనని చెప్పు."

"నేను చెప్పను. మార్పిస్తానని నా చేత చెప్పించావు, నిన్న క్లాసులో అందరి ముందు చెప్పాను. ఇప్పుడు నువ్వే చెప్పు."

ఫరహత్ టీచరు తలుపు తీసింది. చేతికి పిండి ఉంది, లోపల స్టవ్వు మీద పెనం కాలుతోంది. ప్రత్యూష కార్డు చూపించి రాని మాట మీద వేలు పెట్టింది. టీచరు వంగి చూసింది.

"ఫాస్టింగ్. ఏమీ తినకుండా, పరగడుపున రమ్మని. మిగతాదంతా నువ్వే చదివావా?"

ప్రత్యూష తలూపింది. పక్కకి జరిగి తండ్రికి చోటిచ్చింది.

"సెక్షన్ మారుస్తున్నారంటగా?" అంది టీచరు అతనితో. ఆవిడ గొంతులో నిష్ఠూరం దాగలేదు. "ప్రత్యూష ఏడ్చింది. మీరు ఎవర్నో అడిగారట, ఈ పిల్లకి ఏమీ రాదన్నారట. ఎవరండీ వాళ్ళు?"

రామకోటేశ్వరరావుగారి పేరు అంకమ్మరావు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. ఆయన్ని నమ్మింది తను. గుమ్మం ముందు చెప్పులు విడిచాడు.

"మార్చనండి" అన్నాడు. "మా అమ్మాయికి చదవటం వచ్చండి, టీచరుగారూ. రానిది నాకండి."